నడుమ తాళం

కేబుల్ చాచా పోయారన్న కబురు నాకు ఆయన తీగ మీదే వచ్చింది.

ఆ ఉదయం నేను చర్లకు అవతల, అడవి అంచున ఉన్న చివరి గూడెంలో రేషన్ షాపు కప్పు ఎక్కి ఉన్నాను. అక్కడికి ఏ టవర్ సిగ్నలూ రాదు. నేను లాగిన ఇంటర్నెట్ తీగే ఆ గూడేనికి ఫోను. రేషన్ మిషన్‌లో వేలిముద్ర పడాలన్నా అదే దిక్కు. వెంకటాపురం వైపు రోడ్డు పనుల్లో కేబుల్ తెగి అప్పటికి మూడు రోజులైంది. అయినా గూడెంలో నెట్ ఆగలేదు. భద్రాచలం వైపు నుంచి వచ్చే చాచా కేబుల్ మా అందరి బరువూ మోస్తోంది. దాని మీదే నా ఫోను మోగింది.

చేసినవాడు వెంకటాపురం వైపు నుంచి చర్లకు లైను తెచ్చే ఆపరేటర్. నాకూ చాచాకూ పోటీదారు. వయసులో పెద్ద కాబట్టి అన్న అంటాను, ఇక్కడా అన్న అనే రాస్తాను. నాకు రాయాలనిపిస్తున్న మాట రాస్తే ఈ పత్రికవాళ్లు అచ్చు వేయరు.

"తమ్మీ, చాచా పోయిండు. భద్రాచలం దవాఖానాల. పొద్దుగాల," అన్నాడు. ఆ పైన ఏడ్చాడు. ఆయన ఏడ్చిన సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

చాచా నాకు చుట్టం కాదు, ఒకే మతం కాదు, ఒకే వీధి కాదు. వాళ్ల నాన్న చర్లలో రేడియోలు బాగుచేసేవాడట. ఈయన రేడియోలతో మొదలుపెట్టి, టీవీలకు డిష్షులు బిగించి, చివరికి ఇంటర్నెట్‌కు వచ్చారు. దుకాణం మసీదు సందులో అదే పాత గది. మనిషి మొహం చూసి గుర్తుపట్టేవారు కాదు, ఇంటి కప్పు చూసి గుర్తుపట్టేవారు. మా నాన్నను ఎన్నేళ్లు చూసినా పేరు గుర్తులేదు గానీ, "మిర్చి కళ్లం పక్క రేకుల షెడ్డు, తూర్పు మూలకు వైరు" అంటే చటుక్కున తెలిసిపోయేది.

ఎడమ చేతి చొక్కా మీద ఎప్పుడూ నల్లటేపు ముక్క ఒకటి, జిగురు పైకి ఉండేలా చుట్టుకునేవారు. ఫైబర్ అంటే గాజుపోగు. అతికేటప్పుడు విరిగిన తునకలు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. ఒక్కో తునకనూ ఆ టేపుకు అంటించి, ఇంటికి తెచ్చి ఖాళీ అత్తరు సీసాలో వేసేవారు. అడవిలో ఎవరు చూడొచ్చారు చాచా, పారెయ్యి అన్నాను ఒకసారి. "గూడెపోళ్లు చెప్పుల్లేకుంట నడుస్తరు బేటా. ఇది కాల్ల దిగితే దేవునికి గూడ కనవడదు," అన్నారు.

రోజూ చాయ్ మాత్రం తన సందులో తాగేవారు కాదు. సరిగ్గా అన్న ఆఫీసు ఎదురుగా ఉన్న హోటల్‌కు వచ్చి, అన్నకు కనపడేలా కూర్చునేవారు. అన్న కస్టమర్లు ఫిర్యాదుకు వస్తే అక్కడే పలకరించి, మా దాంట్లోకి రండి అని నవ్వుతూ పిలిచేవారు. అన్నకు ఒళ్లు మండేది. చాచా వ్యాపారం తెలియని సాధువు అనుకోకండి. కస్టమర్ కోసం గట్టిగా కొట్లాడే మనిషి.

నేను ఈ పనిలోకి వచ్చేనాటికి పరిస్థితి ఇదీ. చాచా కేబుల్ భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల సెంటర్లో ఒక స్తంభానికి వచ్చి ఆగేది. అన్న కేబుల్ వెంకటాపురం నుంచి వచ్చి అదే స్తంభానికి ఆగేది. రెండింటి నడుమ జానెడు దూరం. అన్న దగ్గర కనెక్షన్ తీసుకుని అక్కడి నుంచి గూడేలకు నేను లాగాను. అన్న కేబుల్ ఎక్కడో తెగితే గూడేలన్నీ పడుకునేవి, జానెడు అవతల చాచా కేబుల్ బంగారంలా పనిచేస్తున్నా సరే. చాచాది తెగితే సగం చర్ల పడుకునేది. ఒకడిది తెగిన రోజు రెండోవాడు పండగ చేసుకునేవాడు. ఇది మనుషులు చేసే పనేనా అని ఇప్పుడు అడుగుతున్నాను గానీ, అప్పుడు నేనూ ఆ పండగ చేసుకున్నవాడినే.

నాకు చదువు పాలిటెక్నిక్‌తో ఆగింది. తర్వాత చదివినదంతా కరపత్రాలు, మీటింగుల దగ్గర అమ్మే చిన్న పుస్తకాలు. గుత్తాధిపత్యం అన్న మాట నేర్చుకుని దాన్ని చాచా మీద వాడాను. ఊళ్లో అందరికన్నా ఎక్కువ కనెక్షన్లు ఆయనవే కాబట్టి ఆయనే దోపిడీదారు అని తేల్చేశాను. ఆ సందులో రెండు అరలున్న దుకాణం, ఒక పాత మోపెడ్, మోకాళ్ల నొప్పులు, ఇదీ నేను కనిపెట్టిన గుత్తాధిపతి.

ఒక మార్చి నెలలో మా గూడెం లైను కాలిపోయింది. తెగలేదు, కాలింది. కొద్దిరోజుల ముందే చాచా కస్టమర్లను కొందరిని నా వైపు తిప్పుకున్నాను. ఇంకేముంది, ఆయన మనుషులే తగలబెట్టారని నా లెక్క. వెళ్లి చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఉదయం పదింటికి, పట్టపగలు, చర్ల సెంటర్లో స్తంభం ఎక్కి చాచా కేబుల్ కోసేశాను. కింద ఉన్నవాళ్లు ఏదో రిపేరు అనుకున్నారు. అన్యాయాన్ని ఎదిరించానన్న గర్వంతో ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆ రోజు రేషన్ ఇచ్చే రోజు. చర్ల రేషన్ షాపు చాచా లైను మీద ఉంది. వేలిముద్ర మిషన్ ఆగిపోయింది. గూడేల నుంచి నడిచి వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఆ లైన్లో మా అమ్మ కూడా ఉంది. మధ్యాహ్నం ఖాళీ సంచితో వచ్చి, గుమ్మంలో కూలబడి, "ఎవడో పాపిష్టోడు చాచా వైరు కోసిండంట. వాని చేతులిరిగిపోను," అంది. నాకు అన్నం పెడుతూ అంది. ఆ అన్నం తిన్నాను.

కాసేపటికి వాకిట్లో మోపెడ్ ఆగింది. చాచా. వెనక సీటుకు కట్టిన పెట్టెలో పోగులు అతికే మిషన్. ఆయన మోచేతులకు మసి, చొక్కా మీది టేపుకు గాజు తునకలు.

"మీ లైను ఇప్ప చెట్టు కాడ కాలింది బేటా. పొద్దుగాలనే పోయి అతికొచ్చిన. వచ్చి చూస్తే నాది తెగి ఉంది. నడువు, మిషన్ పట్టుకో," అన్నారు.

నేను ఆయన తీగ కోస్తున్న గంటలో ఆయన అడవిలో నా తీగ అతుకుతున్నారు.  ఇప్ప పూలు రాలే కాలంలో, పూలు ఏరుకోవటానికి వీలుగా గూడెంవాళ్లు చెట్టు కింద ఎండాకు కాలుస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మంట. వానాకాలంలో స్తంభాలు దొరక్క మేమే కేబుల్‌ను ఇప్ప చెట్టుకు నడుమెత్తున కట్టి మర్చిపోయాం. ఎవరి కుట్రా కాదు. దారిలో ఆయనే నవ్వుతూ, "ఆ మంటకి పార్టీ లేదు. దానికి నువ్వొకటే నేనొకటే," అన్నారు. స్తంభం కింద కూర్చుని నా చేతనే ఆయన పోగులు అతికించారు. నేను ఆ మిషన్ ముట్టటం అదే మొదలు. మా అమ్మ సాయంత్రం బియ్యం తెచ్చుకుంది. ఎవరు కోశారో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు నేను చెబుతున్నాను.

ఆ మర్నాటి నుంచి చాచా ఒకటే పట్టు. ఆ జానెడు దూరాన్ని కలుపుదాం అని. రెండు కేబుళ్లనూ చర్లలో జాయింట్ చేస్తే, ఏ వైపు తెగినా రెండో వైపు నుంచి అందరికీ వస్తుంది. అన్న ఒప్పుకోలేదు. కలిపితే నా కస్టమర్లను గుంజుకుంటావన్నాడు. చాచా హోటల్లో అందరి ముందూ చెప్పిన జవాబు నాకు ఇంకా చెవుల్లో ఉంది. "గుంజుకుంట. నువ్వు గూడ గుంజుకో. రేటు తగ్గించు, మంచిగ మాట్లాడు, నాకన్న జల్దీ పోయి రిపేర్ చెయ్. గది దుకాణం. వైరు రోడ్డు లెక్క. దుకాణం కాడ కొట్లాడుదాం, రోడ్డు తవ్వుకునుడు ఎందుకు?"

నేను ఒప్పుకున్నాను గానీ నా పద్ధతిలో. సమష్టి యాజమాన్యం గురించి చదివినవన్నీ కలిపి పన్నెండు నియమాలు రాసుకెళ్లాను. చాచా కళ్లద్దాలు తుడుచుకుని మొత్తం చదివించుకుని విన్నారు. "మంచిగుంది. ఇందుల వైరు తెగితే ఎవరు పోవాల్నో లేదు," అన్నారు. నిజంగానే లేదు. ఆయన దగ్గర ఒకటే నియమం ఉంది. తెగిన చోటుకు ఎవరు దగ్గరుంటే వాళ్లు పోవాలి. పోయినవాడు ముందు మిగతావాళ్ల పోగులు అతికి, చివర తనది అతుక్కోవాలి. తనది చివర పెట్టుకుంటే పని సగంలో వదిలిపెట్టి ఎవడూ ఇంటికి పోడు, అదీ ఆయన లెక్క.

వానాకాలంలో గోదావరి పొంగి అన్న కేబుల్ కొట్టుకుపోయినప్పుడు, అడక్కుండానే చాచా తన దాని నుంచి తీగ ఇచ్చి వారం రోజులు అన్న కస్టమర్లను నిలబెట్టారు. అన్న అప్పుడు దిగొచ్చాడు. చాచా దుకాణం బయటి గోడకు ఇనప పెట్టె బిగించి, రెండు కేబుళ్లనూ అందులో కలిపాం. ప్రతి కేబుల్‌లోనూ ముగ్గురికీ తలో పోగు: నీలం చాచాకు, నారింజ అన్నకు, ఆకుపచ్చ నాకు. పని చేసినవాడు పెట్టె తలుపు లోపలి వైపు సుద్దతో రాయాలి, పని పూర్తయ్యాక తుడిచేయాలి.

తాళం దగ్గర మళ్లీ గొడవ. ముగ్గురూ ఉంటే గానీ తెరుచుకోకుండా మూడు తాళాలు వేద్దామని నేను. చాచా ఒప్పుకోలేదు. మూడు తాళాలను గొలుసులా ఒకదానిలో ఒకటి తగిలించారు, అడవి గేట్ల దగ్గర వేస్తారే, అలా. ఎవరి తాళం వాళ్లు తీసినా పెట్టె తెరుచుకుంటుంది, మిగతా ఇద్దరి కోసం ఆగక్కర్లేదు. తలుపు కొంకికి అన్న తాళం, గోడ కొంకికి నాది, నడుమ ఆయనది. "మీరిద్దరు చెయ్యి చెయ్యి పట్టుకునేటోళ్లు కాదు. నడుమ నన్ను ఉండనీరి," అన్నారు.

అలా నడిచింది. పోలీసు క్యాంపు దగ్గర నన్ను ఆపి నా వైరు చుట్ట విప్పించిన రోజు అన్నే వచ్చి మాట్లాడాడు. అన్న లైన్‌మన్ జ్వరంతో పడుకుంటే చాచా వెళ్లారు. బయట మాత్రం ముగ్గురం కస్టమర్ల కోసం తిట్టుకుంటూనే ఉన్నాం. ఏ ఆఫీసూ చెప్పలేదు, ఏ పథకమూ ఇవ్వలేదు. గూడెంలో ముసలమ్మ వేలిముద్ర పడిందంటే ఆ పెట్టె వల్ల.

ఇప్పుడు నా కోపం దగ్గరకు వస్తాను.

చాచాను సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టిచేశారు. అన్న మోకాలి లోతు మట్టిలో దిగి నిలబడ్డాడు. మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయింది. ఆ వారంలోనే చర్ల సెంటర్లో సంతాప సభ. వేదిక వెనక చాచా బొమ్మతో నిలువెత్తు ఫ్లెక్స్. దాని అడుగున ఒక పెద్ద కంపెనీ కొత్త రీచార్జి ఆఫర్. అవును, చచ్చిపోయిన మనిషి గడ్డం కింద ఆఫర్. ఆ కంపెనీ అన్నకు నేరుగా లైను ఇస్తోంది. షరతు ఒకటే, వేరే ఏ ఆపరేటర్‌తోనూ తీగ కలపకూడదు. ఆ సంగతి సభలో ఎవరూ చెప్పలేదు. అన్న మైకు పట్టుకుని, "చాచా వంటి మంచి మనిషి మళ్ల పుట్టడు. ఆ జాయింట్ ఆయన మంచితనం. ఆయన మొహం చూసే ఇన్నొద్దులు నడిచింది," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అక్కడి నుంచి నేరుగా మసీదు సందుకు వెళ్లాను. పెట్టెకు కంపెనీ తాళం, కొత్తది, మెరుస్తోంది. చాచా వైపు దారి ఆగినట్టు నా ఫోనులో కనిపిస్తోంది, అంటే లోపల జాయింట్ అప్పటికే ఊడదీశారు. అన్న తన తాళం తీసుకుపోయాడు. నాదీ చాచాదీ తీయలేకపోయాడు. అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, దేన్నీ మూయకుండా, గోడకు ఊరికే వేలాడుతున్నాయి.

ఒక మనిషిని మంచివాడు అని పొగిడి రెండోసారి పూడ్చిపెట్టవచ్చని నాకు అప్పుడు తెలిసింది. మంచితనం అంటే ఇంక బాధ్యత లేదు కదా. అది ఆయనకు పుట్టుకతో వచ్చింది, మనకు రాలేదు, దండేసి ఇంటికి పోదాం. అయ్యా, అది మంచితనం కాదు. అది పని చేసే పద్ధతి. తెగితే ఎవరు పోవాలి, ముందు ఎవరిది అతకాలి. సాయంత్రం నేర్చుకుంటే మర్నాడు పొద్దున చేయగలిగిన పని. గూడెంలో రేషన్ బియ్యం ఒక మనిషి మొహం చూసి రావాలా? ఆ మొహం మట్టిలోకి వెళ్తే బియ్యం కూడా వెళ్లాలా?

కట్టర్ తీసుకుని స్తంభం దాకా వెళ్లాననీ రాస్తున్నాను. నారింజ పోగును పళ్లతో కొరికేయాలన్నంత కోపం. పైకి చూస్తే నేను ఆనాడు కోసిన చోట, నా చేత్తోనే అతికిన అతుకు నల్ల డబ్బాలో అలాగే ఉంది. ఎక్కకుండానే వెనక్కి వచ్చేశాను.

తొలకరికి ముందు వచ్చిన గాలివానకు వెంకటాపురం రోడ్డులో మద్దిచెట్టు కూలి అన్న కేబుల్ తెగింది. జాయింట్ లేదు కాబట్టి అన్న కస్టమర్లు, నా గూడేలు, అన్నీ ఒకేసారి పడుకున్నాయి. మళ్లీ రేషన్ రోజులే. అందరికన్నా దగ్గర ఉన్నది నేను. మిషన్ కోసం చాచా భార్య, మా చాచీ దగ్గరికి వెళ్లాను. దుకాణం ఇప్పుడు ఆమే చూస్తోంది. "నీకిమ్మని ఆయన చెప్పలే. ఎవరికీ ఇయ్యొద్దని గూడ చెప్పలే," అంటూ మిషన్ పెట్టె నా చేతిలో పెట్టింది. చాచా తాళంచెవి ఉందా అని అడిగాను. దవాఖానాకు వేసుకుపోయిన చొక్కా జేబులో ఉండాలట, ఆ చొక్కా మళ్లీ ఇంటికి రాలేదు.

చెట్టు పక్క తడి రోడ్డు మీద కూర్చుని కేబుల్ పొర వొలిచాను. నేను నీలం పోగు మిషన్‌లో పెట్టేసరికి అన్న వచ్చాడు. కాసేపు చూశాడు.

"దాన్ల వెలుగే లేదు గద. జాయింట్ తీసినం. ఎందుకు అతుకుతున్నవ్?"

"నాది కాదు కాబట్టి," అన్నాను.

నీలం అయ్యాక నారింజ తీసుకున్నాను. ఆయనది. అన్న నా చొక్కా మీది టేపు ముక్క వైపు చూస్తున్నాడు. గాజు తునకలు వానకు మెరుస్తున్నాయి. చివర ఆకుపచ్చ అతుకుతుంటే గొడుగు తెచ్చి మిషన్ మీద పట్టాడు, నా మీద కాదు.

చర్లకు ఎవరి బండి మీద వాళ్లం వచ్చాం. నేను రమ్మనలేదు. మసీదు సందులో నాకన్నా ముందే ఆయన బండి ఉంది. కంపెనీ తాళం తీశాడు. పెట్టె తలుపు తెరుచుకుంది. లోపలి వైపు సుద్ద రాత, చాచా చేతి రాత, చనిపోయే ముందు సాయంత్రానిది. ఎలుకలు పోగులు కొరికాయని ఆ సాయంత్రం ఆయన ఒక్కరే బాగుచేశారని చాచీ నాకు చెప్పింది, అప్పటికే చెయ్యి నొప్పిగా ఉందన్నారట.

"నారింజ అయింది. పచ్చ అయింది. నీలం రేపు."

జాయింట్ ఊడదీసిన రోజు అన్న ఈ రాత చూసే ఉంటాడు. చూసీ తీశాడు. కానీ తుడవలేదు. ఆయన మీద కోపం నాకు పోలేదు, పోదు కూడా. రేపు కంపెనీవాడు కళ్లెర్రజేస్తే మళ్లీ తీయడని నమ్మకమూ లేదు. అయినా ఆయన వంగి, ఊడదీసిన పోగులు తానే మళ్లీ కలుపుతుంటే నేను లైటు పట్టాను. ఒకటి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. చాచా పోయారన్న ఆ ఫోను నాకు చేరింది, ముందురోజు సాయంత్రం ఆయన అతికిన పచ్చ పోగు మీదుగా. తనది రేపటికి పెట్టుకుని అతికిన పోగు.

ట్రేలో నీలం పోగు చుట్ట విడిగా పడి ఉంది. దాన్ని నేను అతికాను. పని పూర్తయింది కాబట్టి పద్ధతి ప్రకారం రాత తుడిచేయాలి. గుడ్డ నా చేతిలో ఉంది. అన్న వైపు చాచాను. ఆయన తీసుకోలేదు. నేనూ తుడవలేదు.

అన్న తలుపు మూసి, బండి డిక్కీలోంచి తన పాత తాళం తెచ్చాడు. తలుపు కొంకిలో దూర్చి, రెండో చేత్తో చాచా తాళం పైకెత్తి, దాని కమ్మీలోకి తనది తగిలించి నొక్కాడు.

ఇప్పుడు ఆ పెట్టెను నేనైనా తీయగలను, అన్నైనా తీయగలడు. నడుమ తాళం మాత్రం ఇక తెరుచుకోదు. దాని చెవి లేదు. వానకు కొద్దిగా తుప్పు పట్టింది. ఆ సందులో వెళ్తూ రోజూ చూస్తాను. ఆ పక్క అన్న తాళం, ఈ పక్క నాది, రెండూ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి.